రాకెట్ ఇల్లు: ఒక ప్లైవుడ్ షీటు, నాలుగు నెలలు

నవంబర్ 8

మొత్తానికి ఈ రోజు ఇంటికొచ్చేసింది. మా ఆయన టీంలో ఒకాయన కెనడా వెళ్లిపోతున్నాడు, ఆయన దగ్గర మూడేళ్లుగా ఉన్న తాబేలుని తీసుకెళ్లడం కుదరదు, ఎవరికైనా ఇవ్వాలి, ఎవరూ ముందుకు రావట్లేదు, మా ఆయన "మేం తీసుకుంటాంలే" అని అక్కడ మాటిచ్చేసి ఆ తర్వాత తీరిగ్గా నాకు చెప్పాడు. పేరు రాకెట్. పాత ఓనరు పెట్టిన పేరే, పాపకి తెగ నచ్చింది కాబట్టి మార్చలేదు.

తాబేలు అనగానే అందరూ అడిగేది "అది నేరం కదా?" అని. నేనూ అదే అడిగా. మన రాయలసీమ గుట్టల్లో కనిపించే నక్షత్ర తాబేలైతే కచ్చితంగా నేరమే, 1972 వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో అది షెడ్యూల్ 1లోకి వెళ్లింది, అంతకుముందే 2019లో సైటిస్ (దేశాల మధ్య వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) వాళ్లు అపెండిక్స్ 1లో పెట్టేశారు, అంటే పులికి ఉన్నంత రక్షణ. ఎవరైనా "అంకుల్ దగ్గర ఉంది, రెండు వేలకి ఇస్తాడు" అంటే ఆ అంకుల్‌కి దూరంగా ఉండండి. రాకెట్ ఆ జాతి కాదు. రెడ్ ఫుట్ అంటారు, కాళ్ల మీద ఎర్రటి పొలుసులు ఉంటాయి, బ్రెజిల్, గయానా, వెనెజులా అటువైపు అడవులది. ఇది సైటిస్ అపెండిక్స్ 2లో ఉంది కాబట్టి పెంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి, 2024లో దానికి రూల్సే వచ్చాయి, చేతులు మారినా అందులో ఎక్కించాలి. పాత ఓనరు రిజిస్ట్రేషన్ కాగితాలు కళ్లతో చూశాకే నేను సరే అన్నా.

అత్తయ్య చిత్తూరు నుంచి వచ్చి నెలయింది, మార్చి దాకా ఉంటారు. డబ్బా తెరిచి చూసి ఒకటే మాట: "తాబేలు చొచ్చిన ఇల్లూ అమీనా చొచ్చిన ఇల్లూ బాగుపడవంటారు మా, తెలిసి తెలిసీ ఎవురన్నా తెచ్చి పెట్టుకుంటారా?" అమీనా అంటే కోర్టు నుంచి జప్తుకొచ్చే మనిషి అని పాపకి అర్థమయ్యేలా చెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. మా ఆయన "శ్రీకూర్మంలో గుళ్లోనే పెంచట్లేదా అమ్మా" అన్నాడు. "అది దేవుడిల్లు రా. ఇది బాడుగిల్లు" అన్నారు. దానికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

నవంబర్ 9

వచ్చిన సెటప్ ఇది: రెండడుగుల గాజు అక్వేరియం, అడుగున న్యూస్ పేపరు, పైన క్లిప్పుకి వేలాడుతున్న పసుపు బల్బు, ఒక మూల ఐస్‌క్రీం డబ్బా మూతలో నీళ్లు. పాత ఓనరు ప్రేమగానే చూసుకున్నాడు, అందులో అనుమానం లేదు, కానీ డిప్ప మీద ఒక్కో పలకా చిన్న చిన్న గోపురంలా పైకి లేచింది. దీన్ని పిరమిడింగ్ అంటారు. ఒకసారి లేచింది మళ్లీ అణగదు, కొత్తగా పెరిగే భాగం నున్నగా వచ్చేలా చూసుకోవడమే మన చేతుల్లో ఉన్నది.

నిన్న రాత్రంతా గాజుని గీకుతూనే ఉన్నాడు. గాజు అంటే వాడికి అర్థం కాదు, అవతల దారి కనిపిస్తోంది కాబట్టి వెళ్లగలను అనుకుంటాడు, మూతిని ఆనించి నడుస్తూనే ఉంటాడు. చేపలకి గాజు పనికొస్తుంది, నడిచే జంతువుకి గోడలా కనిపించే గోడ కావాలి. ప్రస్తుతానికి నాలుగు వైపులా బ్రౌన్ పేపర్ అంటించా, అరగంటలో శాంతించాడు.

కిచెన్ స్కేల్ మీద తూచాం: 290 గ్రాములు. పొడవు 11 సెంటీమీటర్లు. రాత్రి హాల్లో 19 డిగ్రీలు. రెడ్ ఫుట్లకి చలికాలం నిద్రలు లేవు, రాత్రి కూడా 24 దగ్గర ఉంటే హాయి, 21 కంటే కిందకి పోకూడదు. అంటే నవంబర్ బెంగళూరు అప్పుడే వాడికి చలి, డిసెంబరు ఇంకా రానే లేదు.

నవంబర్ 15

ముందు ఒక ఓటమి రాసుకోవాలి. మన ఏరియాలోనే ఒక పెట్ షాపులో "యూవీ బల్బ్, రెప్టైల్స్‌కే" అని నీలం వెలుగు వచ్చే బల్బు అంటగట్టారు. తొమ్మిది వందలు. ఇంటికొచ్చి డబ్బా మీద చదివితే యూవీబీ శాతం లేదు, ఎంత ఎత్తులో పెట్టాలో లేదు, పార్టీల్లో తెల్ల చొక్కాలు మెరిపించే బల్బు లాంటిది. పాప రూంలో పెట్టుకుంది, దెయ్యం లైట్ అని.

యూవీబీ గురించి ఇంత రాద్ధాంతం ఎందుకంటే, ఎండలో 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే కిరణాలు చర్మం మీద పడితేనే వాడి ఒంట్లో విటమిన్ డీ3 తయారవుతుంది, డీ3 లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా ఒంటికి పట్టదు, డిప్ప మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి. కిటికీ పక్కన పెడితే చాలదా అని నేనూ అనుకున్నా. చాలదు, కిటికీ అద్దం ఆ కిరణాలనే ఆపేస్తుంది, వేడి మాత్రం లోపలికొస్తుంది. తలుపు తీసి నిజమైన ఎండలో పెడితే దానికి మించిన ట్యూబు లేదు, కానీ రోజూ కుదరదు, పైగా మా బాల్కనీలో కాకులు, పైన తిరిగే గద్దలు.

అందుకే 6 శాతం యూవీబీ అని రాసి ఉన్న టీ5 రకం సన్న ట్యూబులైటు, 24 వాట్లది, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టా. రెండడుగుల కంటే కాస్త తక్కువ పొడవు. ఈ గాజు తొట్టి బదులు చేయించబోయే నాలుగడుగుల చెక్క పెట్టెలో సగానికే వెలుగు పడుతుంది, మిగతా సగం నీడ, కావాల్సింది కూడా అదే, ఎందుకంటే ఇది అడవి నేల మీద చెట్ల కింద తిరిగే జాతి. ఏడాదికోసారి మార్చాలంట, వెలుగు అలాగే ఉన్నా యూవీబీ పడిపోతుంది, మన కంటికి తెలియదు.

మిగతావాటికి ఎలక్ట్రానిక్ సామాను దొరికే ఎస్పీ రోడ్డు. బైయప్పనహళ్లిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్‌పేటలో దిగి నడిచా. రెండు డిజిటల్ థర్మోస్టాట్లు (ఒకటి స్పేర్), మూడు తేమ మీటర్లు, టైమర్, పింగాణీ హోల్డర్లు. సిరామిక్ హీటరుకి ప్లాస్టిక్ హోల్డర్ అడిగితే షాపాయన నా మొహం చూసి "మనెగె బెంకి హచ్తీరా మేడం" అన్నాడు, ఇంటికి నిప్పు పెడతారా అని. ఆ సిరామిక్ ముక్క వెలుగివ్వదు కానీ రెండొందల డిగ్రీలు దాటుతుంది. రాత్రిపూట చీకటి చెడగొట్టకుండా వేడి మాత్రమే ఇస్తుంది కాబట్టి అదే కావాలి, దానికి పింగాణీ హోల్డరే ఉండాలి. కింద పరిచే హీటింగ్ ప్యాడ్ కూడా చూపించాడు. వద్దన్నా. తాబేలుకి వేడి పైనుంచి రావాలి, ఎండ పైనుంచే వస్తుంది కాబట్టి. వేడెక్కితే మట్టిలోకి తవ్వుకుని దిగుతాడు, అక్కడ ప్యాడ్ ఉంటే కడుపు కాలుతుంది.

నవంబర్ 23

పెట్టె రోజు. లెక్క వేస్తే భలే కుదిరింది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అడుగు, పైకప్పు, వెనక గోడ, మూడూ నాలుగు బై రెండు. పక్కలు రెండు, రెండు బై రెండు. మొత్తం ముప్పై రెండు చదరపు అడుగులు, అంటే సరిగ్గా ఒక ఎనిమిది బై నాలుగు షీటు! నేను కాగితం మీద గీసుకుని తెగ మురిసిపోయా. కార్పెంటర్ భయ్యా ఆ కాగితం చూసి, రంపం తినే మందం ఎక్కడ మేడం, ముందువైపు మట్టి ఆగడానికి అడ్డపట్టీ ఎక్కడ అన్నాడు. నిజమే. పాపం ఆయనే తన దగ్గర మిగిలిన ముక్కల్లోంచి ఎనిమిది అంగుళాల పట్టీ కోసిచ్చాడు.

ప్లైవుడ్ దగ్గర మాత్రం కక్కుర్తి పడలేదు. ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ ప్లై, 12 ఎంఎం. మామూలు కమర్షియల్ ప్లై అయితే లోపలి తడికి ఆరు నెలల్లో పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. లోపల మొత్తం సన్‌మైకా, మూలలన్నీ అక్వేరియంకి వాడే సిలికాన్‌తో సీల్. ముందువైపు అల్యూమినియం ట్రాక్‌లో జరిగే రెండు అద్దాలు. నేను యాక్రిలిక్ అన్నా, భయ్యా వద్దన్నాడు, వేడికి వంగి ట్రాక్‌లో ఇరుక్కుంటుందని. కింద పట్టీ ఎనిమిది అంగుళాలు కాబట్టి వాడి కంటి ఎత్తుకి చెక్కే కనిపిస్తుంది, అద్దం మా కోసం.

పైన మూత లేని టేబుల్ టైపు చేద్దామా అని చాలా ఊగిసలాడా. రష్యన్ తాబేలు లాంటి ఎండు ప్రాంతాల జాతులకి అది బాగుంటుంది. వీడికి గాలిలో 70 శాతం దాకా తేమ కావాలి, మూత లేకుండా బెంగళూరులో అది కలలోని మాట.

గాలి కోసం నాలుగు కన్నాలు, ఒక్కోటి రెండంగుళాలు. చల్లని వైపు కింద రెండు, వేడి వైపు పైన రెండు. వేడిగాలి పైనుంచి పోతుంటే కిందనుంచి కొత్తగాలి లోపలికొస్తుంది. ఈ నాలుగు కన్నాల సంగతి తర్వాత చెప్తా.

నవంబర్ 30

ఏమీ చేయలేదు. ఫెవికాల్, సిలికాన్ వాసన పోవాలి. బాల్కనీలో తలుపులు తీసిపెట్టి వదిలేశాం. అత్తయ్య అందులో వడియాలు ఎండబెట్టొచ్చా అని అడిగారు. ఎగతాళికో నిజంగానో తేల్చుకోలేకపోయా.

డిసెంబర్ 6

ఈ రోజు మట్టి. నర్సరీ నుంచి ఐదు కిలోల కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) దిమ్మ, అదీ కడిగినది, ఎందుకంటే కడగని దాంట్లో ఉప్పు ఉంటుంది. ప్లాస్టిక్ టబ్బులో నానబెడితే ఉబ్బి ఉబ్బి టబ్బు దాటి బాత్రూం అంతా అయింది, పాపకి అదో పండగ. దాంట్లో ఆర్కిడ్లకి వాడే చెట్టు బెరడు ముక్కలు కలిపా. లోతు నాలుగు అంగుళాలు. పైన ఎండు ఆకులు, అపార్ట్‌మెంట్ వెనక బాదం చెట్టువి, కడిగి, ఎండబెట్టి. ఇసుక వేయలేదు, మేతతో పాటు పోయి పేగుల్లో గట్టిపడుతుంది. చెక్కపొట్టు కూడా వద్దు, పైన్, దేవదారు లాంటి వాసన చెక్కలు వాటి ఊపిరికి పడవు.

దాక్కోడానికి సగానికి కోసిన మట్టి కుండ, బోర్లించి. రెండు పెడితే మంచిది, ఒకటి వేడి వైపు, ఒకటి చల్లని వైపు, లేదంటే పాపం వెచ్చదనం కావాలా చాటు కావాలా అని తేల్చుకోవాల్సి వస్తుంది. నీళ్లకి పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్లెం, అంచు తక్కువ, తానే ఎక్కి కూర్చోగలడు.

డిసెంబర్ 8

గృహప్రవేశం. అత్తయ్య రాహుకాలం చూసి మరీ టైం చెప్పారు. "వద్దన్నాక ఎట్లా ఆగరు, కనీసం మంచి టైంలో చేయండి" అని.

ఉదయం ఏడుకి టైమర్ లైట్లు వేసింది. ఎండ దీపం (ఎండలా పైనుంచి వేడి ఇచ్చే బల్బు) కింద డిప్ప ఎత్తులో 33, మధ్యలో 29, చల్లని మూల 26. వాడు కుండలోంచి తల బయటపెట్టి పది నిమిషాలు అలాగే చూశాడు, ఆ తర్వాత పెట్టెంతా ఒక రౌండు కొట్టి, నీళ్ల పళ్లెంలో కూర్చుని, అందులోనే పని కానిచ్చాడు. ఇది మంచి లక్షణమేనంట.

ఇంతవరకు అంతా బాగుంది. ఇక్కణ్నించి తేమతో నా యుద్ధం.

డిసెంబర్ 16

ఎనిమిది రోజులుగా స్ప్రే బాటిల్ పట్టుకుని తిరుగుతున్నా. మీటర్ 42 చూపిస్తుంది, స్ప్రే కొడతా, 85 అవుతుంది, మీటింగ్ అయ్యాక వచ్చి చూస్తే మళ్లీ 45. రోజుకి మూడు సార్లు, నాలుగు సార్లు. అద్దం నిండా మా బోరు నీళ్ల తెల్ల మరకలు.

ఎందుకిలా అని కూర్చుని ఆలోచిస్తే స్కూల్లో చదివిన సైన్సే. బయట 20 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి పెట్టెలోకొచ్చి 30కి వేడెక్కితే, దాంట్లో ఉన్న నీళ్లు అంతే, కానీ శాతం మాత్రం 33కి పడిపోతుంది. వేడిగాలి ఎక్కువ నీటిని పట్టుకోగలదు కాబట్టి. నాలుగు కన్నాల్లోంచి ఆ గాలి వస్తూనే ఉంది, పోతూనే ఉంది, నేను ఒక చేత్తో పోస్తున్నా, ఇంకో చేత్తో పారబోస్తున్నా.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటి. నిన్న వాణ్ని నానబెట్టడానికి ఎత్తితే (వారానికి మూడు సార్లు గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు కూర్చోబెడతాం) కడుపు వైపు పలకల మధ్య ఎర్రగా, తడితడిగా ఉంది. ఫొటో తీసి ఎగ్జోటిక్ పెట్స్ చూసే డాక్టర్‌కి పంపా. ఆయన ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న: "మీటర్ ఏ ఎత్తులో పెట్టారు?"

ఏ ఎత్తులో అంటే, నాకు చూడ్డానికి వీలుగా, నా కంటి ఎత్తులో, పైన, దీపానికి జానెడు దూరంలో. అక్కడ పొడిగా ఉండక ఏముంటుంది! వాడు బతికేది నేల నుంచి నాలుగు అంగుళాల లోపు. మీటర్ తీసి కుండలో పెట్టి గంట ఆగితే 88. అంటే కింద వాడు వారం నుంచి బురదలో ఉన్నాడు, నేనేమో పైనున్న గాలికి దాహం తీరుస్తున్నా. పైపొర తడిగా ఉండి కడుపు ఎప్పుడూ ఆరకపోతే డిప్ప కుళ్లుతుందంట, దానికి చలి తోడైతే ముక్కులోంచి బుడగలు, నిమోనియా. మనవాడిది మొదట్లోనే దొరికింది, వారం రోజులు పొడి టవల్ మీద ఉంచి మందు రాస్తే తగ్గుతుందన్నారు.

డిసెంబర్ 24

డాక్టర్ చెప్పిన పద్ధతి, ఇన్ని రోజుల్లో నేను నేర్చుకున్న వాటిలో ఇదే పనికొచ్చింది. స్ప్రే మానేయడం. పైన మట్టి పొడిగా, కింద పొర తడిగా ఉండాలి. అందుకని నాలుగు మూలల్లో నెమ్మదిగా నీళ్లు పోయాలి, అవి అడుగుకి దిగి పరుచుకుంటాయి, దీపం వేడికి కొంచెం కొంచెంగా పైకి ఆవిరవుతుంటాయి. మట్టి మొత్తం ఒక పెద్ద తడిగుడ్డలా పనిచేస్తుంది కానీ పైన వేలు పెడితే ఏమీ అంటదు. ఐదు రోజులకోసారి ఒక లీటరు. నాలుగు కన్నాల్లో రెండింటికి లోపలి నుంచి టేపు.

మూడు మీటర్లు ఇప్పుడు మూడు చోట్ల, అన్నీ డిప్ప ఎత్తులో. కుండలో 80, చల్లని వైపు 70, దీపం వైపు 55. మూడు రోజుల నుంచి ఈ అంకెలు కదల్లేదు. నేను మీటింగుల్లో ప్రశాంతంగా కూర్చుంటున్నా.

గోపురాలకి అసలు కారణం తేమ తక్కువవడమే అని కూడా అప్పుడే చెప్పారు. ప్రోటీన్ ఎక్కువైతే వస్తుందని చాలాకాలం అందరూ అనుకున్నారంట, 2003లో సల్కాటా తాబేలు పిల్లల మీద చేసిన స్టడీలో ప్రోటీన్ కంటే గాలి పొడిగా ఉండటమే దాన్ని ఎక్కువ చేస్తుందని తేలింది. న్యూస్ పేపర్ మీద, పసుపు బల్బు కింద మూడేళ్లు. పాత ఓనరుకి ఈ విషయం చెప్పలేదు. ఎందుకు, ఆయన అక్కడ మంచులో కూర్చుని బాధపడటానికి తప్ప.

డిసెంబర్ 29

ఈ రోజు వాడు బతికాడంటే అత్తయ్య వల్లే.

మధ్యాహ్నం నేను కాల్‌లో ఉన్నా. అత్తయ్య తలుపు తోసుకుని వచ్చి "ఏమ్మా, ఆ కూర్మయ్య మూతి మూలకి పెట్టి కదల్లేదు, నోరు తెరిచినాడు, ఏందో చూడు" అన్నారు. వెళ్లి చూస్తే కుండ దగ్గర 39 డిగ్రీలు. థర్మోస్టాట్ మాత్రం హాయిగా 25 చూపిస్తోంది.

వీడు తవ్వుతూ తవ్వుతూ సెన్సర్ వైరుని మట్టిలోకి లాక్కుపోయాడు. తడిమట్టిలో చల్లగా పడుకున్న సెన్సర్ "ఇంకా చలిగానే ఉంది" అని చెప్తుంటే హీటర్ పాపం ఆగకుండా మండుతూనే ఉంది. అద్దాలు రెండూ తీసేసి, వాణ్ని గోరువెచ్చని నీళ్లలో పెట్టాం. మరీ చల్లనివి పోయబోయి ఆగా. అరగంటకి మెడ చాచి అటూ ఇటూ చూశాడు.

సాయంత్రమే సెన్సర్‌ని గోడకి రెండు క్లిప్పులతో బిగించా, డిప్ప ఎత్తులోనే కానీ చిన్న జాలీ ముక్క వెనక, వాడికి అందకుండా. స్పేర్ థర్మోస్టాట్‌ని వరసలో రెండోదిగా పెట్టా, దాని సెన్సర్ వేరే గోడకి, 34 దాటితే మొత్తం వేడి కరెంటు కట్. మొదటిది మోసపోయినా రెండోది ఆపుతుంది. ఈ పని మొదటి రోజే చేయాల్సింది. సామాను అటక మీదే ఉంది, బద్ధకం.

కూర్మయ్య అన్నారు, గమనించారా? నేను గమనించా, ఏమీ అనలేదు.

జనవరి 11

తిండి. తెలుగింట్లో ఆకుకూరలకి కొదవ లేదు కదా అనుకున్నా, కానీ మనం ప్రాణంగా తినేవే వాడికి కుదరవు. గోంగూర, పాలకూర, బచ్చలి, తోటకూర అన్నిట్లో ఆక్సలేట్లు ఎక్కువ, కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, ఎప్పుడో ఒక ఆకు అయితే సరే, రోజూ కాదు. "గోంగూర తినకూడని పుటక ఏం పుటక" అని అత్తయ్య జాలిపడ్డారు.

పెడుతున్నవి: మందార ఆకులు, మందార పూలు (ఎర్రపువ్వు కనిపిస్తే వాడి నడకకి రాకెట్ అనే పేరు అతికినట్టు సరిపోతుంది), మునగాకు, ముళ్లు గీకేసిన నాగజెముడు, మల్బరీ ఆకు. మల్బరీకి మా తమ్ముడు హిందూపురం నుంచి కట్టెపుల్లలు తెచ్చిచ్చాడు, కుండీలో గుచ్చితే మూడు వారాల్లో చిగుళ్లు. అంతవరకు వాడు తెచ్చిన ఆకే. పట్టుపురుగులకి వేసే ఆకు మీద ఊరికే మందు కొట్టరు, కొడితే ముందు పురుగులే పోతాయి, అందుకే నాకు సూపర్ మార్కెట్ ఆకుకూర కంటే దాని మీదే నమ్మకం.

ఈ జాతి చాలా నేల తాబేళ్లలా దాదాపు పూర్తి శాకాహారి కాదు, అడవిలో రాలిన పండ్లు, పుట్టగొడుగులు, పురుగులు కూడా తింటుంది. వారానికోసారి బొప్పాయి ముక్క, రెండు వారాలకోసారి ఉడికిన గుడ్డు చిటికెడు. అన్నం, బ్రెడ్డు, పాలు ఎప్పుడూ లేవు, ఈ విషయంలో పాపతో ఒప్పందం రాసుకున్నాం, సంతకాలతో సహా.

కాల్షియానికి సముద్రఫేనం. పెట్ షాపులో కటిల్ బోన్ అని చిన్న ముక్కకి వందలు తీసుకుంటారు. మూలికలమ్మే కొట్లో, ఇక్కడ గ్రంధిగె అంగడి అంటారు, అదే వస్తువు పొట్లం కట్టిచ్చారు. అత్తయ్యే చెప్పారు, ఆమె చిన్నప్పుడు చెవిలో చీముకి దాని పొడి వేసేవారంట.

నల్ల చిన్న దోమలు వచ్చాయి, కోకోపీట్ లోంచి. వంటింటి దాకా. టెర్రస్ మీద మందులు కొట్టని కుండీల కింద, ముట్టుకుంటే ఉండలా చుట్టుకునే బూడిద రంగు పురుగులు దొరికితే ఓ ముప్పై తెచ్చి పెట్టెలో వదిలా, అవి రాలిన ఆకు, పెంట అన్నీ తినేస్తాయి. దోమలు పోలేదు కానీ తగ్గాయి. మిగిలినవాటికి పసుపు జిగురు కార్డు, వాడికి అందనంత పైన.

ఫిబ్రవరి 15

మధ్యాహ్నం హాల్లో తేమ 28. పెదాలు పగులుతున్నాయి మాకు. పెట్టెలో కుండ దగ్గర 78. నీళ్లు ఐదు రోజులకి బదులు మూడు రోజులకోసారి పోస్తున్నా, అంతే తేడా.

చెకప్‌కి తీసుకెళ్లాం. డాక్టర్ దగ్గర యూవీ కొలిచే మీటర్ ఉంది, ఇంటికొచ్చి చూడమంటే ఓ శనివారం వచ్చారు కూడా. ట్యూబు కింద డిప్ప ఎత్తులో యూవీ ఇండెక్స్ 1.6. బాగుందన్నారు. ట్యూబుకి, వాడికి మధ్య జాలీ అడ్డం పెట్టి ఉంటే ఇంకా తగ్గిపోయేది, మేం ట్యూబుని లోపలే బిగించాం కాబట్టి బతికిపోయాం. ఆడో మగో అని పాప అడిగితే, ఇంకా చిన్నది, ఓ ఇరవై సెంటీమీటర్లు దాటాక తెలుస్తుంది అన్నారు. కూర్మయ్య అని పిలిచే ఆవిడ మొహం కొంచెం మారింది.

మార్చి 7

348 గ్రాములు. పలకల మధ్య కొత్తగా వచ్చిన లేత రంగు గీత దాదాపు మూడు మిల్లీమీటర్లు, వేలితో తడిమితే నున్నగా ఉంది. పాత గోపురాలు అలాగే ఉన్నాయి, ఉంటాయి.

కరెంటు లెక్క: ట్యూబు, ఎండ దీపం రోజుకి పన్నెండు గంటలు, హీటర్ రాత్రిళ్లు ఆగుతూ మండుతూ, అన్నీ కలిపి రోజుకి రెండు యూనిట్ల చిల్లర. జనవరిలో నెలకి అరవై ఐదు యూనిట్లు పెరిగింది. కర్ణాటక ప్రభుత్వం ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో 200 యూనిట్లు దాటితే బిల్లు మొత్తం కట్టాలి కదా, మేం 188లో ఆగాం, ఆ నెల మా ఆయన గీజర్ వేయాలంటే నా పర్మిషన్ తీసుకున్నాడు. ఇప్పుడు ఎండలొచ్చాయి, హీటర్ రాత్రి రెండు గంటలు కూడా పనిచేయట్లేదు. కరెంటు పోయినా భయం లేదు, మొన్న రెండు గంటలు పోతే 27 నుంచి 25కే దిగింది, ప్లైవుడ్ పుణ్యం.

చేసిన తప్పుల్లో ఇంకా సరిదిద్దనిది ఒకటుంది, సైజు. ఇది ముప్పై సెంటీమీటర్లు దాటే జంతువు, కనీసం ఎనిమిది బై నాలుగు కావాలి, అంటే నేను షీటు నుంచి పెట్టె చేశా, వాడికి కావాల్సింది షీటంత నేల. రెండేళ్లు టైం ఉంది. బాల్కనీ సగం మూసేయాలి, దానికి ఇంటి ఓనర్ని ఒప్పించాలి, ఆయనకి ఇంతవరకు "ఒక చిన్న పెట్" అని మాత్రమే చెప్పాం.

అత్తయ్య మంగళవారం చిత్తూరు వెళ్లిపోయారు. రోజూ ఏడింటికి ఫోన్ చేస్తారు, ఇదివరకు మొదటి ప్రశ్న "పాప తినిందా" అని ఉండేది. నిన్న ఫోన్ ఎత్తగానే "కుండలో మీటర్ ఎంతుంది మా?" అన్నారు. 74 అన్నా. "అయితే ఇంకా ఒక చెంబు పొయ్యి. మూలల్లో. పైన చల్లమాకు" అన్నారు.